లక్కూరులో నాలుగు రోజులు

మేము కాపురముండేది కోలారు బంగారు గనులలోని రాబర్ట్సన్‌పేటలో. ఉద్యోగం చేసేది బెంగుళూరులో. ప్రతిదినం తెల్లవారుజామున రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగుళూరు చేరి, ఒక ఆఫీసులో లెక్కలు వ్రాసి, రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరటం ఇరవై ఏళ్ళుగా మాకు అలవాటు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మా ఊరివారు వేలమంది ఇలాగే బ్రతుకుతున్నారు.

ఆ దారిలో మాలూరు స్టేషను ఉన్నది. టేకల్ బండల గుట్టలు దాటి కొంతదూరం పోగానే ఎర్రమట్టి కుప్పలు, పెంకుల ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనిపిస్తాయి. ఇరవై ఏళ్ళు ఆ పొగను చూచాము గాని దానిని గురించి ఒక్కనాడైనా ఆలోచించిన పాపాన పోలేదు. మాలూరు వచ్చిందంటే బెంగుళూరు ఇంకో గంట అని లెక్క, అంతే.

ఈ యేడు సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు దొరికింది. మా శ్రీమతి, మా అబ్బాయి, మేము కలిసి లక్కూరు వెళ్ళాము. లక్కూరు మా అత్తవారి ఊరు. మా అబ్బాయి బెంగుళూరులో బి.ఎస్సీ. చదువుతున్నాడు. మేము ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించినవారము. కనుక ఈ వ్యాసంలో శాస్త్ర విషయం ఏదైనా తిన్నగా ఉంటే అది వానిదనీ, తప్పు ఉంటే మాదనీ పాఠకులు గ్రహించాలి.

మాలూరులో రైలు దిగి బస్సెక్కితే లక్కూరు ఎంతోసేపు పట్టదు. కోలారు జిల్లా, మాలూరు తాలూకాలో అది ఒక హోబళి కేంద్రం. తమిళ దేశపు సరిహద్దు దగ్గర. అందుచేత అక్కడివారికి ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, సంతలో తమిళం. మూడు భాషలూ ఒకే మాటలో కలిపి మాట్లాడినా ఎవరూ నవ్వరు. దారి పొడుగునా నీలగిరి తోపులు, రాగి కోసిన చేలు, టొమేటో తోటలు, మల్బరీ మళ్ళు. సంక్రాంతి కాలం గనుక ఎక్కడ చూచినా అనపకాయలే. మా అత్తగారు పితికిన పప్పుతో పులుసు కాచి, రాగి సంగటి ముద్ద ప్రక్కన పెట్టి, “బెంగుళూరు నీళ్ళు తాగి చిక్కిపోయినారు” అన్నారు. ఇది ప్రతిసారీ అనే మాటే. విననిదే మాకు పండుగ అయినట్లు ఉండదు.

ఈసారి ఆ ఇంట్లో ఇంకో శబ్దం కూడా విన్నాము. మా బావమరిది కూతురు, ఏడేళ్ళ పిల్ల, రాత్రంతా దగ్గుతూనే ఉంది. తెల్లవారగట్ల పిల్లికూతలు. తల్లి దానిని భుజాన వేసుకొని నడవాలో అటూ ఇటూ తిరుగుతున్నది. మందు పీల్చే గొట్టం తలగడ క్రిందే ఉన్నది. డాక్టరు ఉబ్బసమన్నాడట. “పొగ, వదినా, పొగ. ఆ బట్టీ పొగ వచ్చినప్పుడంతా ఇట్లే” అని ఆమె మా శ్రీమతితో అన్నది. అన్న వెంటనే తలవంచుకొన్నది. ఎందుకంటే ఆ బట్టీలో నిప్పు వేసేవాడు ఆమె భర్తే.

మరునాడు మేమందరము చిక్కతిరుపతి వెళ్ళాము. అది లక్కూరు హోబళిలోనిదే. ప్రసన్న వేంకటేశ్వరస్వామి కోవెల. పెద్ద తిరుపతిలో స్వామి కుడిచేయి వరదహస్తం, ఇక్కడ అభయహస్తం. శ్రావణ శనివారాల్లో జనం కిటకిటలాడతారు గాని మేము వెళ్ళిన రోజు నెమ్మదిగా దర్శనమైంది. ఆ స్థలపురాణం చాలామందికి తెలియదు గనుక చెబుతాము. శ్వేతకి అనే రాజు పన్నెండేళ్ళు ఎడతెగకుండా యజ్ఞం చేసి నేయి ధారపోయగా, త్రాగి త్రాగి అగ్నిదేవునికి అజీర్తి పట్టుకొన్నదట. దానికి మందుగా కృష్ణార్జునుల తోడ్పాటుతో ఖాండవవనాన్ని దహించాడు. అక్కడ ఇల్లు కోల్పోయిన తక్షకుడు శపించగా అగ్ని తేజస్సు పోగొట్టుకొని, ఈ చోటికి వచ్చి స్వామిని ప్రతిష్ఠించి శాపం పోగొట్టుకొన్నాడని చెబుతారు.

మా మామగారు మంటపంలో కూర్చుండి ఈ కథంతా చెప్పి, “అగ్నిదేముంది అల్లుడుగారూ, ఏది పెడితే అది తింటాడు. తిన్నదాన్ని బట్టే పొగ” అన్నారు. ఆయన మామూలుగా అన్న మాటే గాని తరువాతి రెండు రోజులూ మాకు అదే పనికివచ్చింది.

ఆ సాయంకాలం ఊరి పెద్దలు నలుగురైదుగురు మా మామగారి అరుగు మీదికి వచ్చారు. వారి చేతిలో తెల్లకాగితాలు. “నువ్వు ఆఫీసులో పనిచేసేవాడివి గదన్నా. కన్నడంలో అర్జీ బాగా వ్రాస్తావు. ఊరి పడమటి బట్టీని మూయించాలని ఒకటి వ్రాసిపెట్టు. సంతకాలు మేము పెట్టిస్తాము” అన్నారు. అర్జీ వ్రాయటం మాకు క్రొత్త కాదు. వితంతు పింఛను, కరెంటు స్తంభం, బస్సు నిలుపుదల, ఇలాంటివి ఎన్నో వ్రాసి ఇచ్చాము. కాని ఆ బట్టీ మూతపడితే మా బావమరిది పని పోతుంది. మూతపడకపోతే వాని కూతురు దగ్గుతూనే ఉంటుంది. కలం తీసి మళ్ళీ జేబులో పెట్టుకొని, రేపు చెబుతామన్నాము.

ఆ బట్టీ చరిత్ర కొంచెం చెప్పాలి. పెంకుల పని మన దేశంలో 1865లో మంగళూరులో బాసెల్ మిషనువారు మొదలుపెట్టారు. ఆ పద్ధతి మెల్లగా మంచి బంకమట్టి ఉన్న ఊళ్ళన్నిటికీ ప్రాకింది. మాలూరు తాలూకా చెరువు మట్టి అందుకు బాగా కుదిరింది. ఆంధ్రదేశంలో ‘బెంగుళూరు పెంకు’ అని కొని ఇళ్ళు కప్పుకొన్నవారి నెత్తిన మాలూరు మట్టి కూడా కొంత ఉండే ఉంటుంది. సిమెంటు మిద్దెలు వచ్చాక పెంకుకు గిరాకీ తగ్గింది. లక్కూరు పడమటి బట్టీవారు ఇప్పుడు ఎక్కువగా ఇటుకలే కాలుస్తున్నారు. మా బావమరిది తండ్రి కాలంనుంచి వారికి అదే అన్నం.

రాత్రి భోజనాలయ్యాక మేమూ, మా అబ్బాయీ, బావమరిదీ మిద్దె మీద కూర్చున్నాము. బావమరిది బీడీ ముట్టించుకోవటానికి అగ్గిపుల్ల గీశాడు. మా అబ్బాయి, “మామా, ఆ వాసన చూడు. అదే” అన్నాడు. అగ్గిపుల్ల తలలో గంధకం ఉంటుంది. గీయగానే ముక్కును కుట్టే ఆ ఘాటు సల్ఫర్ డయాక్సైడు అనే వాయువుది. గంధకం ఉన్నది ఏది మండినా అదే పుడుతుంది. దానికి రంగు లేదు. పొగ అని మనం కంటితో చూచేది మసి, బూడిద, నీటి ఆవిరి; ఈ వాయువు వాటి మధ్యనే పోతున్నా కనిపించదు. ఉబ్బసం ఉన్నవారి గొంతును బిగబట్టే గుణం దీనికి ఉన్నది.

“వాసన వస్తుంది గదా, ముక్కు చెప్పదా?” అని మేము అడిగాము. చెప్పదట. మన దేశంలో 2009లో ఏర్పరచిన కొలత ప్రకారం ఊరిగాలిలో ఘనమీటరుకు ఇరవైనాలుగు గంటల సగటున 80 మైక్రోగ్రాములు మించరాదు. మనిషి ముక్కుకు తెలియాలంటే దానికి పదింతలకు పైగా ఉండాలి. ఉబ్బసం రోగులను మనసులో పెట్టుకొని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పది నిమిషాల సగటుకు 500 అని వేరే హద్దు పెట్టారు. అదీ అందరి ముక్కుకూ అందేది కాదు. అంటే పిల్ల రొమ్ముకు తెలిసే సంగతి పెద్దల ముక్కుకు తెలియదన్నమాట.

అప్పుడు మా బావమరిది మెల్లగా, “బావా, మేము వేసేది నీలగిరి కట్టె. గంధకం దాంట్లో ఎంతుంటుంది?” అని అడిగాడు. ఇది లెక్క గనుక మాకు ఉత్సాహం వచ్చింది. అబ్బాయి వివరాలు చెప్పాడు, మేము కాగితం మీద వేశాము. గంధకం అణువు బరువు 32. దానితో ప్రాణవాయువు కలిసి ఏర్పడే వాయువు బరువు 64. కనుక ఒక కిలో గంధకం మండితే రెండు కిలోల వాయువు. కట్టెలో గంధకం నూటికి పదోవంతు కూడా ఉండదు. పది టన్నుల కట్టెలో పది కిలోలకు లోపు, వాయువు ఇరవై కిలోలకు లోపు. మన దేశపు మామూలు బొగ్గులో నూటికి అరవంతు ఉన్నదనుకొంటే, పది టన్నులకు వాయువు నూరు కిలోలు. పెట్రోలు శుద్ధి చేయగా మిగిలే పెట్‌కోక్ అనే బొగ్గు ఒకటి ఉన్నది. దానిలో నూటికి ఆరు వంతులు గంధకముంటే, అదే పది టన్నులకు 1,200 కిలోలు! కొంత బూడిదలో నిలిచిపోతుందనుకొన్నా తేడా తేడాయే. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టువారు ఉత్తరప్రదేశ్, హర్యానా, రాజస్థాన్ కార్ఖానాలలో దీనిని వాడరాదని ఆజ్ఞాపించింది ఇందుకే. ఇటుకబట్టీలలో పెట్‌కోక్, టైర్లు, ప్లాస్టిక్ కాల్చరాదని 2022 ఫిబ్రవరిలో దేశమంతటికీ నిబంధన వచ్చింది.

కాగితం చూచి బావమరిది కొంతసేపు మాట్లాడలేదు. తరువాత తూర్పువైపు చెయ్యి చూపాడు. అక్కడ పొలాల అవతల ఒక ఎత్తయిన గొట్టం, దాని మీద ఎర్రదీపం. అది ఒక కార్ఖానాది. “దాని పొగ ఎవరూ చూడలేదు. తెల్లగా, పల్చగా, ఉందా లేదా అన్నట్లు. రాత్రిళ్ళు లారీలు టార్పాలిన్ కప్పుకొని వస్తాయి. ఏం వేస్తారో దేవుడికే తెలుసు” అన్నాడు. మాకూ తెలియదు. తెలియని సంగతి నేరంగా వ్రాయటం తప్పు. కాని నల్లగా కనిపించే పొగ మీద ఊరంతా కోపగించుకొని, కనిపించనిదానిని ఎవరూ అడగకపోవటమూ న్యాయం కాదుగదా!

“మరి కనిపించనిదానిని పట్టేదెట్లా?” అన్నాము. “కెమెరా ఉంది నాయనా” అన్నాడు అబ్బాయి. అది ఎలా పనిచేస్తుందో వాడు చెప్పినదంతా మా గుమాస్తా భాషలోకి మార్చి వ్రాస్తున్నాము.

ఎండలో మన కంటికి కనిపించని కిరణాలు కొన్ని ఉన్నాయి. అతినీలలోహిత కిరణాలంటారు. వాటిని నానోమీటర్లలో కొలుస్తారు. ఒక నానోమీటరు మీటరులో వందకోట్లవ వంతు. సల్ఫర్ డయాక్సైడుకు 310 నానోమీటర్ల ప్రాంతపు కిరణమంటే ఇష్టం, దొరికినంత మ్రింగుతుంది. 330 దగ్గరి దానిని దాదాపు ముట్టదు. ఆకాశం నుంచి రెండు రకాలూ వస్తూనే ఉంటాయి. కనుక పొగగొట్టం పైభాగాన్ని, ఒకసారి 310 మాత్రమే పోనిచ్చే వడపోత బిళ్ళతోను, ఒకసారి 330 బిళ్ళతోను ఫొటో తీస్తారు. మామూలు గాజు ఈ కిరణాలను చాలావరకు ఆపివేస్తుంది గనుక కటకం క్వార్ట్జు రాతితో చేస్తారు. రెండు ఫొటోలనూ పోల్చితే మసి, బూడిద వంటివి రెండింటిలోనూ ఇంచుమించు సమానంగా అడ్డుపడతాయి. మొదటి దానిలో మాత్రమే తగ్గినది ఈ వాయువు లెక్క. రెండు పుస్తకాల పద్దులు సరిచూచి తేడా పట్టినట్లే. తేడా ఎంతకు ఎంత వాయువో తేల్చటానికి, తెలిసిన కొలత వాయువు నింపిన క్వార్ట్జు డబ్బాలను కటకం ముందు పెట్టి చూచుకొంటారు. తక్కెడకు పడిరాళ్ళు వేసి సరిచూచినట్లు.

ఇంతటితో ఎంత వాయువు ఆకాశంలో నిలిచి ఉన్నదో తెలిసింది. గంటకు ఎంత పోతున్నదో తెలియాలి. కోలారు టొమేటో మండీ గేటు దగ్గర బండ్లు లెక్కపెట్టేవాణ్ణి తలచుకోండి. దారికి అడ్డంగా ఎన్ని బండ్లు ఉన్నాయి, అవి ఎంత వేగంగా కదులుతున్నాయి అనే రెండూ తెలిస్తే గంటకు ఎన్నో చెప్పవచ్చు. కెమెరా వరుసగా ఫొటోలు తీస్తుంది గనుక పొగలోని ఒక ముద్ద ఈ ఫొటోనుంచి ఆ ఫొటోకు ఎంత జరిగిందో చూచి వేగం కడతారు. అడ్డుకోతలోని వాయువును ఆ వేగంతో గుణిస్తే, సెకనుకు ఇన్ని కిలోలని వస్తుంది. గొట్టం దగ్గరికి పోనక్కరలేదు, ఎవరి గేటూ తట్టనక్కరలేదు. దూరాన పొలంగట్టు మీద నిలబడి తీయవచ్చు.

దీని కథ కూడా వింతైనది. కార్ఖానా గొట్టాల వాయువును దూరంనుంచి కొలవటానికి కెనడావారు 1960ల చివర ఒక యంత్రం తయారుచేశారు. 1970లలో దానిని అగ్నిపర్వతాలను చూచేవారు తీసుకొన్నారు. పర్వతం బ్రద్దలయ్యే ముందు ఈ వాయువు పెరగటమో తగ్గటమో తెలిస్తే క్రింది ఊళ్ళవారిని హెచ్చరించవచ్చు. ఆ యంత్రం ఒక గీత వెంబడే చూచేది. ఫొటోగా చూపే కెమెరాను 2006లో జపానుకు చెందిన మోరి, ఇటలీలో పనిచేసిన బర్టన్ అనే ఇద్దరు ప్రకటించారు. మరుసటి ఏడు అమెరికాలోని మిషిగన్ వారూ ప్రకటించారు. 2014లో నార్వేలో పనిచేసే శాస్త్రజ్ఞులు దానిని ఓడల పొగగొట్టాల వైపు త్రిప్పి కొలిచి చూపారు. 2016లో ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయంవారు, సెల్‌ఫోనులలో ఉండే రకం కెమెరా బిళ్ళ మీది రంగుల పొర తీసివేసి, తక్కువ ఖర్చుతో ఇలాంటిదే చేశారు. అబ్బాయి సిసిలీ దీవిలోని ఎట్నా పర్వతపు చిత్రం తన ఫోనులో చూపించాడు. మామూలు ఫొటోలో పలుచని తెల్లపొగ. కెమెరా పటంలో నీలం మధ్య పసుపు, ఎరుపు. కొండ ఊపిరి విడుస్తున్నట్లు ఉన్నది. మా బావమరిది ఆ ఫోను చాలాసేపు చేతిలో పెట్టుకొని చూచి, “మా గొట్టానికి పెడితే ఏం కనపడును?” అన్నాడు.

దానికి అబ్బాయి తిన్నగా జవాబు చెప్పాడు, మేము మెచ్చుకొన్నాము. చిన్న కట్టెబట్టీ వాయువు ఆ కెమెరాకు బహుశా ఆనకపోవచ్చు. ఎండ ఉంటేనే పనిచేస్తుంది, రాత్రి పనికిరాదు. వెనుక మబ్బులు పరుగెత్తుతుంటే లెక్క చెడుతుంది. మసి మరీ దట్టమైతే రెండు కిరణాలూ మూసుకుపోయి ఏమీ తెలియదు. దూరం పెరిగేకొద్దీ మధ్యనున్న గాలి వెలుతురు కలిసి ఉన్నదానికంటె తక్కువ చూపుతుంది. అన్నిటికంటె ముఖ్యం, గొట్టంలోనుంచి ఎంత పోయిందో అది చెబుతుందే గాని, మా నడవాలో పడుకొన్న పిల్ల ఎంత పీల్చిందో చెప్పదు. దానికి పాత పద్ధతే కావాలి. 1956లో వెస్ట్, గేకీ అనే ఇద్దరు చెప్పిన విధానం. గాలిని ఒక ద్రావకంలో బుడగలుగా పంపి, మందు కలిపి, వచ్చిన రంగు చిక్కదనాన్ని బట్టి కొలుస్తారు. గొట్టం లెక్కకు కెమెరా, ఇంటి లెక్కకు సీసా. రెండూ కావాలి. పైగా కట్టెపొగలో గంధకం తక్కువైనంత మాత్రాన అది మంచిది కాదు. దానిలోని సన్నని మసి కూడా పిల్లల రొమ్ములోకే పోతుంది. బావమరిది ఈ మాట విన్నప్పుడు ముఖం ప్రక్కకు త్రిప్పుకొన్నాడు.

కొలిచినందువల్ల ఒరిగేదేమిటి అని పాఠకులు అడగవచ్చు. దక్షిణాఫ్రికాలో డర్బన్ నగరం ఉన్నది. నాటాల్ చెరకు తోటలకు కూలికి పోయిన మన తెలుగువారి సంతతి అక్కడ స్థిరపడి, 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకొన్నారు. ఆ నగరపు దక్షిణాన మెర్‌బ్యాంక్ అనే భారతీయుల పేట రెండు చమురు శుద్ధి కార్ఖానాల నడుమ ఇరుక్కొని ఉండేది. పిల్లల ఆయాసం గురించి అక్కడివారు ఏళ్ళ తరబడి మొరపెట్టుకొన్నారు. 2000 తరువాత అక్కడి ప్రభుత్వం ఒక ప్రణాళిక వేసి, గాలి కొలిచే యంత్రాలు నిలిపి, బడిపిల్లలను పరీక్ష చేయించింది. లెక్క బయటపడ్డాక సల్ఫర్ డయాక్సైడు తగ్గుముఖం పట్టింది. మొర ఎంతకాలమున్నా మొరే. లెక్క వచ్చాకే జవాబు చెప్పవలసి వచ్చింది.

దూరదేశం మాట ఎందుకు? మా గనులలోనే ఉన్నది. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు వచ్చిన నాటినుంచి నూటఇరవై ఏళ్ళు బంగారం తీశారు. ఎన్ని ఔన్సులు వచ్చిందో పైసా తేడా లేకుండా పుస్తకాలలో ఉన్నది. బంగారం తీసివేసిన సయనైడు మట్టి మాత్రం గుట్టలుగా మిగిలింది, మూడుకోట్ల టన్నులకు పైగా. గాలి లేస్తే ఆ దుమ్ము మా వీధుల మీదికే వస్తుంది. ఆ కంపెనీలు పోయాయి, దుమ్ము పోలేదు. పని ఉన్న రోజుల్లో ఎవరు పీల్చినది ఎంత అని అడిగితే పని పోతుందని భయం. పని పోయాక అడుగుదామంటే జవాబు చెప్పేవాడు లేడు. లక్కూరు మిద్దె మీద కూర్చుండి మేము ఈ మాటే తలపోశాము.

మూడవరోజు తెల్లవారుజామున చలి గడగడలాడిస్తుండగా మేము ముగ్గురమూ పొలాల మీదికి వెళ్ళాము. పడమటి బట్టీ పొగ మంచులో కలిసి, పైకి పోలేక, పరుపులాగా నేల మీద పరచుకొని ఉన్నది. కళ్ళు మండాయి. తూర్పు గొట్టం మీద నిర్మలంగా ఉన్నది. కొంచెంసేపటికి సూర్యుడు లేచి తూర్పుగాలి తగిలింది. బట్టీ పొగ ఊరికి అవతలి వైపుకు, నీలగిరి తోపులోకి పోయింది. మేము ఇంటికి వచ్చేసరికి పిల్ల దగ్గుతున్నది. ఇది చూచి మేము ఏ తీర్పూ చెప్పలేదు. ఒక ఉదయంతో తీర్పు చెప్పేవాడు గుమాస్తా పనికి తగడు.

ఆ మధ్యాహ్నం అర్జీ వ్రాశాము. ఎవరినీ మూయించమని వ్రాయలేదు. ఊరికి రెండు దిక్కులా ఉన్న గొట్టాలలో ఏ ఇంధనం మండుతున్నదో పరీక్షించమనీ, ఇళ్ళనుంచి ఇటుకబట్టీకి 2022 నిబంధన ప్రకారం ఉండవలసిన 800 మీటర్ల దూరం ఉన్నదా లేదా చూడమనీ, ఊరినడుమ, ఊరికి తూర్పున, పడమట మూడుచోట్ల గాలిలో మసినీ, సల్ఫర్ డయాక్సైడునూ కొన్నివారాలు కొలవమనీ, వీలైతే కెమెరాతో గొట్టాలను కూడా కొలిపించి ఆ అంకెలను పంచాయతీ గోడ మీద వేయించమనీ కోరాము.

పెద్దలకు ఇది నచ్చలేదు. “ఇదేం అర్జీ అన్నా! మంట ఆర్పమంటే నీళ్ళు ఎన్ని చెంబులో లెక్కపెట్టమన్నట్లుంది” అని ఒకాయన అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. పిల్ల ఈ రాత్రికే దగ్గుతుంది. కొలత ఎప్పటికో వస్తుంది. “బావమరిదిని కాపాడుకొంటున్నాడు” అని ఇంకొకరు వెనుకనుంచి అన్నారు. అదీ కొంతవరకు నిజమే. మేము బదులు చెప్పలేదు. మా మామగారు మాత్రం, “తప్పుడు గొట్టం మూయించి పిల్ల దగ్గు తగ్గకపోతే, అప్పుడు ఎవరిని అడుగుతారు?” అన్నారు. చివరకు ముప్పైఒక్క సంతకాలు అయ్యాయి.

బావమరిది ఆ రోజు సంతకం పెట్టలేదు. యజమాని చూస్తే ఏమంటాడో అని మా అత్తగారికి గుబులు. మేమూ బలవంతపెట్టలేదు. నాలుగవరోజు ఉదయం మేము బస్సుకు నిలబడి ఉండగా పని చీర్ల మీదనే పరుగెత్తి వచ్చి కాగితం తీసుకొన్నాడు. సంతకం పెట్టి, దాని క్రింద, తాను ఒక్కొక్క కాల్పుకు ఎన్ని టన్నుల కట్టె వేస్తాడో, ఎన్ని రోజులు మండుతుందో వ్రాశాడు. “కొలిచేదైతే మాది కూడా కొలవనీ బావా” అన్నాడు. అర్జీలోని మొదటి అంకె వాడు ఇచ్చినదే.

ఇది జరిగి రెండు నెలలైంది. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మా అబ్బాయి చెప్పినట్లు పిల్లతల్లి గోడ కేలండరులో గుర్తులు పెడుతున్నది. పిల్ల ఆయాసపడిన రోజు ఒక చుక్క, ఆనాటి గాలి ఏవైపునుంచో ఒక బాణం గుర్తు, బట్టీ మండుతున్నదా లేదా ఒక అక్షరం. క్రిందటి వారం ఫోనులో చదివి వినిపించింది. పదకొండు చుక్కలున్నాయి. వాటిలో ఎనిమిది తూర్పుగాలి రోజులు. అయితే ఆ నెలలలో మామూలుగానే తూర్పుగాలి ఎక్కువ గనుక దీనివల్ల ఏమీ రుజువు కాదు. కొలవవలసిన పని ఉన్నదని మాత్రం తెలుస్తున్నది. బట్టీల ప్రక్కన, కార్ఖానాల ప్రక్కన కాపురమున్న మన కుటుంబాలవారు ఇలాంటి కేలండరు ఒకటి పెట్టుకొంటే రేపు అడిగేనాటికి చేతిలో ఒక కాగితమైనా ఉంటుంది.

చిక్కతిరుపతి దర్శనానికి వెళ్ళేవారు మాలూరులో దిగి లక్కూరు మీదుగా వెళ్ళండి. అనపకాయల కాలమైతే మరీ మంచిది. మేము మాత్రం ఇప్పుడు మాలూరు స్టేషను వచ్చేసరికి పేపరు మడిచి కిటికీ వైపు తిరుగుతున్నాము. నల్లగా పొగ వస్తున్న గొట్టాలను చూచి, తరువాత ఏమీ రానట్లున్న గొట్టాలను కూడా చూస్తున్నాము.